కుడిచేతి రంగు

ఆ ఆదివారం ఉదయం అల్లుడు పెట్టుకున్న పని ఒక్కటే, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం. మామగారు పొద్దున్నే సంచి పట్టుకుని ఎక్కడికో బయల్దేరారు, నాలుగింటికి వస్తానన్నారు. ఆరు నెలల క్రితం వీళ్లింటికి మకాం మారుస్తూ ఆయన వెంట తెచ్చుకున్న టేకు పడక్కుర్చీ కిటికీ పక్కన ఖాళీగా ఉంది. అది ఆయన తండ్రిది. దాంట్లో ఇంకొకరు కూర్చోకూడదు. సొంత ఇంట్లో, సొంత కిటికీ పక్కన, మనిషి ఇంత దొంగచాటుగా కూర్చోవలసి రావడమేమిటి! కూర్చున్నాడు. కుర్చీ కుడిచెయ్యి పుటుక్కున ఊడి ఒళ్లో పడింది.

"అయ్యో అయ్యో! నాన్న చూస్తే ఇంకేమైనా ఉందా!" భార్య గుండెలు బాదుకుంది.

"నేనేం సుత్తి పెట్టి కొట్టానా? కూర్చున్నాను! కుర్చీ ఉన్నది దేనికి మరి?"

వడ్రంగం కూడా తెలిసిన పాలిష్ మేస్త్రిని పిలిపించారు. లోపల పుచ్చిపోయిందని, అతికితే నిలవదని తేల్చి, ఆయన కొత్త టేకుతో అలాంటిదే చెక్కి బిగించాడు. అసలు చిక్కు రంగు దగ్గర వచ్చింది. కొత్త చెయ్యి పచ్చగా ఉంది, పాతది డికాక్షన్ నలుపు. ఎడమచేతిని చూస్తూ చెక్కముక్కల మీద తొమ్మిది రంగులు కలిపి చూశాడు. తొమ్మిదోది అచ్చు గుద్దినట్టు సరిపోయింది. పూత వేసి, "ఏది కొత్తదో కనిపెట్టండి చూద్దాం!" అని మీసం దువ్వుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

మేస్త్రి తిరిగొచ్చేలోగా అల్లుడి భార్య, నాన్న మెచ్చుకుంటారని, పాత ఎడమచేతిని సబ్బునీళ్ల గుడ్డతో గట్టిగా తుడిచింది. గుడ్డ నల్లబడింది. చెయ్యి తేనెరంగులో బయటపడింది.

తిరిగొచ్చిన మేస్త్రి ఆ నల్లగుడ్డనీ, తేనెరంగు చేతినీ మార్చి మార్చి చూశాడు. ఇక ఆగలేదు. "అంటే పొద్దుట్నుంచీ నేను మురికికి మ్యాచింగ్ చేశానా? ముప్పై ఏళ్ల సర్వీసండీ నాది! మురికికా!"

"మా నాన్నది మురికంటారేంటి? అది తలనూనె!" భార్య అంతకంటే మండిపడింది.

ఒక చెయ్యి తేనెరంగులో, మిగతా ఒళ్లంతా నల్లగా ఉంటే ఎలా? వీపు తోమారు. కాళ్లు తోమారు. కొత్త చేతి రంగు గీకేసి, మళ్లీ తేనెరంగు పూశారు. నాలుగయ్యేసరికి కుర్చీ నిన్న కొన్నదానిలా నిగనిగలాడుతోంది.

మామగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. "నా కుర్చీ ఏది? ఎవరు ముట్టుకోమన్నారు? మా నాన్న చేతిజిడ్డు, నా చేతిజిడ్డు... నలభై ఏళ్లు పట్టిన రంగది!" కోపంతో చెయ్యి విసిరారు. సంచి జారింది. అందులోంచి ఒక డబ్బా దొర్లుకుంటూ వచ్చి అల్లుడి కాళ్ల దగ్గర ఆగింది. చెక్క అతికించే జిగురు.

అల్లుడు డబ్బాను చూశాడు, కుర్చీని చూశాడు. "ఎప్పుడు విరిగింది, మావయ్యగారూ?"

"మొన్న," అన్నారు మామగారు గొంతు తగ్గించి. "ఊరికే ఆనించి పెట్టాను."

"పొద్దుట్నుంచి మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం కదండీ! ఇదేం న్యాయం?" అన్నాడు అల్లుడు.

మామగారి గొంతు మళ్లీ లేచింది. "విరిచింది నేనే, ఒప్పుకుంటాను. తోమింది మీరు! నా రంగు నాకు కావాలి!"

"ఆ రంగు డబ్బాలో దొరకదండీ," అన్నాడు మేస్త్రి సామాన్లు సర్దుకుంటూ. "రోజూ ఎవరైనా తలకి నూనె పట్టించి కూర్చోవాలి, అంతే."

ఇప్పుడు అల్లుడు రోజుకు రెండు గంటలు ఆ కుర్చీలో కూర్చోకపోతే మామగారు ఊరుకోవడం లేదు.