బోర్డుకు అడ్డొచ్చిన కొమ్మ

ఆదివారం తెల్లవారుతూనే, వీధి ఇంకా ముసుగు తన్ని పడుకుని ఉండగానే పని కానిచ్చేయాలన్నది పళ్ల డాక్టరు పథకం. చెట్లు కొట్టే మనిషి నిచ్చెనతో వస్తాడు. మేడ పిట్టగోడకు తగిలించిన బోర్డును కమ్మేసిన కొమ్మను కొట్టేస్తాడు. కొమ్మను బండిలో వేసుకుని వచ్చిన దారినే వెళ్లిపోతాడు. జనం కాఫీ కప్పులతో గుమ్మాల్లోకి వచ్చేసరికి 'దంత వైద్యశాల' అన్న అక్షరాలు ఎండలో తళతళలాడుతూ ఉంటాయి. ఎవరైనా అడిగితే గాలికి విరిగిందని చెప్పొచ్చు.

ఇంత దొంగతనం ఎందుకంటే, డాక్టరు ప్రాణం మీదకు వచ్చింది కనుక. క్లినిక్ తెరిచి ఏడాది కావస్తోంది. పేషెంటు కుర్చీలో అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నది డాక్టరే. ఆయన భార్య బళ్లో లెక్కలు చెబుతుంది. ఇన్నాళ్లూ ఓపిక పట్టి, మొన్న తేల్చి చెప్పేసింది. "నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే కుర్చీ తీసుకుని మా తమ్ముడి దగ్గర చేరిపోండి."

ఆ తమ్ముడికి ఊరికి ఆ చివర పెద్ద దంతాల ఆసుపత్రి ఉంది. ఫోను చేసినప్పుడల్లా "బావగారూ, మీకోసం లిఫ్టు పక్క గది ఖాళీగా ఉంచాను" అంటాడు. ఎంతో ప్రేమగా అంటాడు. ఆ ప్రేమే డాక్టరుకు ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది. తనకంటే పదేళ్లు చిన్నవాడి కింద పనిచేయడం కంటే పళ్లన్నీ పీకించుకోవడం మేలనుకున్నాడు. బాగా ఆలోచించి, తప్పంతా చెట్టుదేనని తేల్చాడు. చెట్టు ఎదురు చెప్పదు కాబట్టి ఆ తీర్పు అలాగే ఖాయమైపోయింది.

చెట్లు కొట్టే మనిషి చెప్పిన వేళకే వచ్చాడు. అతనిలో ఉన్న లోపమల్లా గొంతే.

"ఏ కొమ్మ సార్?" అన్నాడు, వీధి ఆ చివరనున్న వాళ్లను కూడా కలిపి అడుగుతున్నట్టు.

"మెల్లగా మాట్లాడవయ్యా. అదిగో, ఆ బోర్డు దగ్గరది."

"ఏ బోర్డు సార్? నాకేం కనపడట్లేదు."

"కనపడట్లేదనేగా నిన్ను పిలిచింది."

అతను తలూపి, రంపం మోటారు పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక్కసారి స్టార్ట్ చేశాడు. చెట్టు మీదున్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎదురింటి మేడ మీద కిటికీ తెరుచుకుంది.

"ఏం జరుగుతోందక్కడ?"

ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. రిటైరైంది బడి నుంచే గాని వీధి నుంచి కాదు. ఆవిడ గొంతు వినగానే డాక్టరు నిచ్చెనను ఎక్కడ దాచాలో తెలియక దానికే ఆనుకుని నిలబడ్డాడు.

"ఏం లేదండీ. చెట్టుకి కొంచెం ఒంట్లో బాగున్నట్టు లేదు. ఓసారి పరీక్ష చేద్దామని."

"పరీక్షా? మీరా?"

"నేనేనండీ. డాక్టర్ని కదా."

హెడ్మిస్ట్రెస్ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎన్నడూ నవ్వని ఆ మొహం మీద నవ్వులాంటిది మొలిచింది. "ఏడాది నుంచీ మీ దగ్గరికి మనుషులెవరూ రాకపోతే ఏం డాక్టరా అనుకుంటున్నా. చెట్ల డాక్టరన్నమాట. ముందే చెప్పొచ్చు కదండీ."

కాదంటే రంపం సంగతి చెప్పాలి. ఔనంటే పళ్ల సంగతి మర్చిపోవాలి. డాక్టరు కక్కలేక మింగలేక, "నాకు ప్రచారం ఇష్టం ఉండదండీ" అన్నాడు.

ఆవిడ కిందికి దిగి వచ్చి పక్కనే నిలబడింది. ఇక పరీక్ష చేయక తప్పలేదు. డాక్టరు లోపలికి వెళ్లి నుదుటికి లైటు కట్టుకుని, చిన్న అద్దం, పళ్లు గుచ్చి చూసే కొక్కెం పట్టుకుని వచ్చాడు. చెట్టు మానులోని తొర్రలో అద్దం పెట్టి చూశాడు. కొక్కెంతో బెరడును నాలుగు చోట్ల గీకాడు. అలవాటు కొద్దీ "నొప్పిగా ఉందా?" అని కూడా అన్నాడు.

"ఏమంటోంది సార్?" అన్నాడు చెట్లు కొట్టే మనిషి, నిచ్చెన మెట్టు మీద కూర్చుని.

"ఇంతకీ ఇదేం చెట్టండీ?" అంది హెడ్మిస్ట్రెస్. "మేం ఈ వీధికి వచ్చినప్పటి నుంచీ అడుగుతున్నా, ఒక్కరూ చెప్పలేదు."

చెట్లలో డాక్టరుకు పచ్చనివి, ఎండినవి అని రెండే రకాలు తెలుసు. "రిపోర్టు రావాలండీ" అన్నాడు గంభీరంగా.

"అయితే సాయంత్రం అందరం ఇక్కడే కలుద్దాం. రిపోర్టు అందరిముందూ చదవండి. ఏ కొమ్మకి రోగముంటే అది అప్పుడే తీయించేద్దాం. నువ్వు కూడా రావయ్యా రంపం తీసుకుని."

వార్త పాలప్యాకెట్లకంటే ముందే ఇంటింటికీ చేరింది. డాక్టరు ఇంట్లోకి వచ్చేసరికి భార్య చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మీరు చెట్ల డాక్టరట. మేడ మీద టైలరు గారు చెప్పారు. పెళ్లిచూపులప్పుడు మావాళ్లకి చెప్పలేదే."

"సాయంత్రానికి సర్దుకుంటుందిలే."

"నెలాఖరుకి సర్దుకుంటుందా? ఉన్న నాలుగు పళ్ల కేసులూ ఇక రావు. చెట్టు దగ్గరికి కొక్కెంతో వెళ్లినాయన నోట్లో వేలు పెడితే ఎవరూరుకుంటారు?"

ఆ మాట డాక్టరుకు సూటిగా తగిలింది. బోర్డు కనపడాలని వెళ్లి, ఉన్న పేరు కూడా పోగొట్టుకుని వచ్చాడు. అయితే కూర్చుని బాధపడేందుకు వ్యవధి దొరకలేదు. పెరటి తలుపు ఎవరో తట్టారు.

వచ్చింది పక్కింటి కారాయన. కారు కొన్నప్పటి నుంచీ ఆయనకు వేరే పేరు లేదు. "ఆ చెట్టంటే నాకు ప్రాణం డాక్టరు గారూ" అంటూ మొదలుపెట్టాడు. "కాకపోతే నా కారు మీదికొచ్చిన కొమ్మ ఉంది చూశారూ, దానికేదో ఉంది. లేకపోతే పిట్టలన్నీ అక్కడే ఎందుకు కూర్చుంటాయి చెప్పండి? రోజూ కడగలేక చస్తున్నా. రోగమని ఒక్క ముక్క చెప్పండి చాలు."

డాక్టరు ఆలోచించాడు. ఒక కొమ్మకు రోగముంటే ఇంకో కొమ్మకు అంటుకోవచ్చు. అది తన బోర్డు దగ్గరి కొమ్మ కావచ్చు. "రోగమేనండీ. పొద్దున్నే అనుమానమొచ్చింది" అన్నాడు.

తర్వాత టైలరు వచ్చాడు. "నా కిటికీకి అడ్డమొచ్చిన కొమ్మ సార్. వెలుతురు లేక నల్లదారానికీ నీలందారానికీ తేడా తెలియట్లేదు. మొన్న ఒకాయన ప్యాంటుకి ఒక కాలు ఇదీ, ఒక కాలు అదీ కుట్టాను. ఆయనింకా చూసుకోలేదు. చూసుకునేలోపు మీరేదైనా చేయాలి." డాక్టరు దానికీ రోగం రాశాడు.

మూడోసారి తట్టింది వీధి మలుపులో ఎదురెదురు వాటాల్లో ఉండే తోడికోడళ్లలో పెద్దావిడ. "నా వంటింటికీ దాని వంటింటికీ మధ్య ఆ కొమ్మే అడ్డమండీ. ఆ ఆకులు లేకపోతే లేచిన దగ్గర్నుంచీ దాని మొహం చూడాలి నేను. ఆ కొమ్మ మటుకు నిక్షేపంగా ఉందని చెప్పండి." ఆవిడ అటు వెళ్లిందో లేదో చిన్నావిడ ఇటు వచ్చింది. "అక్కయ్య వచ్చి వెళ్లిందని తెలుసు. కొట్టేయమనే చెప్పుంటుంది. నేనేం వండుతున్నానో చూడకపోతే తనకి తోచదు. దాన్ని ముట్టుకోనని మాటివ్వండి." డాక్టరు ఇద్దరికీ మాటిచ్చాడు. చెట్టన్నాక బోలెడు కొమ్మలు, ఎవరి కొమ్మ వారిదేనని ధీమాగా ఉన్నాడు.

సాయంత్రం వీధంతా చెట్టు కింద చేరింది. గోడకు గోడ ఆనుకుని ఉంటూ ఏళ్ల తరబడి పలకరించుకోని వాళ్లు కూడా వచ్చారు. ముందుగా కారాయన లేచి, చెట్టు మనందరికీ కన్నతల్లిలాంటిదని మాట్లాడాడు. టైలరు కళ్లు తుడుచుకున్నాడు. తోడికోడళ్లు చెరో వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. డాక్టరు భార్య అందరికంటే వెనక నిలబడింది.

"ఇక చూపించండి డాక్టరు గారూ" అంది హెడ్మిస్ట్రెస్.

మసక చీకటి పడుతోంది. డాక్టరు నుదుటి లైటు వేసుకుని తలెత్తాడు. వెలుతురు చుక్క కారు మీది కొమ్మ మొదట్లో పడింది. అక్కడి నుంచి దాని వెంటే పాకుతూ పోయింది. కారు దాటింది. డాక్టరు బోర్డు మీద దట్టంగా కమ్ముకున్న ఆకుల్లోకి దూరింది. అందులోంచి తేలి టైలరు కిటికీ ముందుగా సాగింది. మలుపు తిరిగి, రెండు వంటిళ్ల మధ్య గుబురుగా వేలాడే చివరకొచ్చి ఆగింది. నాలుగు కొమ్మలు కావవి. ఒకటే కొమ్మ. డాక్టరు ఆశగా ఇంకోసారి మొదటి నుంచీ చూశాడు. అప్పుడూ ఒకటే.

"రోగమా, కాదా?" అంది హెడ్మిస్ట్రెస్.

"మొదట్లో రోగమేనండీ. చివర్లో నిక్షేపంగా ఉంది" అన్నాడు డాక్టరు.

"మధ్యలో?" అన్నాడు టైలరు.

"నిక్షేపంగా ఉందని నాకు మాటిచ్చారు" అంది పెద్ద తోడికోడలు.

"నీకా? నాకిచ్చారు" అంది చిన్నావిడ. మాటల్లేని ఇన్నేళ్లలో అక్కయ్యతో ఆమె అన్న మొదటి మాట అదే.

"రోగమని నాకు చెప్పారే" అన్నాడు కారాయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఓహో, కన్నతల్లిని కొట్టించేద్దామని వెనక గుమ్మంలోంచి వెళ్లారన్నమాట" అన్నాడు టైలరు.

"నువ్వు వెళ్లలేదూ?"

ఇక ఆపేవాళ్లు లేకపోయారు. చెట్టు ఆకుల దగ్గర మొదలైన తగువు నీళ్ల ట్యాంకు మీదుగా, ఎవరి పిల్లవాడు ఎవరి కిటికీ అద్దం పగలగొట్టాడన్న దాకా పోయింది. అందరూ అందరి మీదా ఒకేసారి అరుస్తున్నారు. డాక్టరు మధ్యలో నిలబడి, ఎవరు అరిస్తే వాళ్ల వైపు తల తిప్పుతున్నాడు. ఆయన తలతోపాటు లైటూ తిరుగుతోంది.

చివరికి ఆయన గొంతు పెంచాడు. "తప్పు నాదండీ. నా బోర్డుకి అడ్డమొచ్చిందని నేనే కొట్టించబోయాను. నాకు చెట్ల సంగతేమీ తెలీదు. నేను పళ్ల డాక్టర్ని."

అందరూ పైకి చూశారు. ఆకులే కనిపించాయి.

"ఏ బోర్డు?" అంది హెడ్మిస్ట్రెస్. పాతికేళ్ల బడి కోపమంతా గొంతులోకి వచ్చి, ఆవిడ మర్యాద మరిచిపోయింది. "పొద్దున చెట్ల డాక్టరువి, సాయంత్రం పళ్ల డాక్టరువి. రేపేమవుతావు? ఇటు తిరుగు. నిలబడు సరిగ్గా. పరువుగల వీధిలో ఇల్లు తీసుకుని అందరికీ అన్ని అబద్ధాలు చెప్తావా? రేపే సామాను సర్దుకో."

డాక్టరు ఇటు తిరిగి సరిగ్గా నిలబడ్డాడు. వెలుతురు తిన్నగా ఆవిడ నోట్లో పడింది. ఆయన కాస్త ముందుకు వంగాడు.

"కింద ఎడమవైపు, చివర్నుంచి రెండోది" అన్నాడు. "చల్లనివి తాగితే జివ్వుమంటోందా?"

హెడ్మిస్ట్రెస్ నోరు టక్కున మూతపడింది. చెంప మీద చెయ్యేసుకుని, "రాత్రిళ్లు కూడా లాగుతోందండీ" అంది. అండీ తిరిగొచ్చింది. "ఊరికి ఆ చివరనున్న పెద్దాసుపత్రిలో చూపిస్తే పీకేయాలన్నారు."

"పీకక్కర్లేదు. నిలబెట్టొచ్చు."

వీధి సద్దుమణిగింది. కారాయన అందరినీ తప్పించుకుని దగ్గరికి వచ్చాడు. "నాది కూడా చూశారా?"

"చూశానండీ. మీరు నా కారు, నా కారు అన్నప్పుడల్లా కనిపించింది. జ్ఞానదంతం అడ్డంగా వస్తోంది. టైలరు గారూ, మీరు దారం పళ్లతో తెంపడం మానాలి. ముందుపన్ను గాడి పడింది." తర్వాత తోడికోడళ్ల వైపు తిరిగాడు. "మీ ఇద్దరికీ ఒకేలా అరిగాయండీ. నిద్రలో పటపటా కొరుకుతున్నారు."

తోడికోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరిని తలుచుకుని కొరుకుతున్నారో ఇద్దరికీ తెలుసు. చిన్నావిడకే ముందు నవ్వొచ్చింది.

"సార్, కొమ్మ సంగతేంటి?" అన్నాడు చెట్లు కొట్టే మనిషి.

"నువ్వు వెళ్లవయ్యా" అంది హెడ్మిస్ట్రెస్. "ఎవరి కొమ్మనీ కొట్టేది లేదు." డాక్టరు భార్య వెనక నుంచి వచ్చి, భర్త నుదుటి లైటు ఆర్పింది. ఏడాది తర్వాత మళ్లీ ఆయన వైపు చూసి నవ్వింది. డాక్టరుకు ఆ ఒక్క నవ్వుతో కడుపు నిండిపోయింది.

నెలాఖరున, ముందు అనుకున్న మాట ప్రకారం బావమరిది వ్యాను వేసుకుని కుర్చీ తీసుకెళ్లడానికి వచ్చాడు. పనుల హడావిడిలో వద్దని చెప్పడం ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఈ వీధికి రావడం అదే మొదలు కాబట్టి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు తిరిగాడు. ఎక్కడా బోర్డు కనపడలేదు. చెట్టు నీడలో మాత్రం బెంచీలు, ఇంట్లోంచి తెచ్చుకున్న కుర్చీలు వేసుకుని బోలెడంతమంది చెంపలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. తోడికోడళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. అతను వ్యాను ఆపి, చివర కూర్చున్న టైలరును అడిగాడు.

"ఇక్కడ పళ్ల డాక్టరు గారి క్లినిక్ ఎక్కడండీ?"

టైలరు తల అడ్డంగా ఊపాడు. "పళ్ల డాక్టరంటూ ఈ వీధిలో ఎవరూ లేరే. చెట్ల డాక్టరు గారున్నారు. పళ్లు కూడా చూస్తారు గాని, లైనులో కూర్చోవాలి."