సగం అల్లిన తల

బుధవారం ఓడ వచ్చే రోజు. ఐదు తలలు అల్లాలి, మూడింటికల్లా దువ్వెనలు సర్దుకోవాలి. పొద్దున్నే యుడోరా అనుకున్నది ఇంతే. మూడున్నరకు రేవు గేటు మూసేస్తారు. జడలల్లే మనిషి మూలంగా ఏ ప్రయాణికుడికైనా ఓడ తప్పిపోయిందో, రేవు ఆఫీసువాళ్ళు ఆమె మెడలోని పచ్చ బ్యాడ్జి లాగేసుకుంటారు. అది లేకుండా ఆన్స్ గాలే ఊరి సముద్రపు గట్టున దువ్వెన పట్టుకోవడానికి వీల్లేదు. పోయిన నెల పక్క స్టూలు దగ్గర అల్లే గ్లోరియాది పోయింది. మూడేళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగితే గానీ యుడోరాకు అది రాలేదు. ఇప్పుడు నిద్రలో కూడా మెడ తడుముకుంటోంది.

ఖర్మ కాలి మధ్యాహ్నం దాకా ఒక్క తలా దొరకలేదు. పన్నెండున్నరకు ఒక తెల్లావిడ వచ్చి స్టూలు మీద కూర్చుని, జడల నమూనాల అట్ట మీది బొమ్మ చూపించింది. తలంతా సన్న జడలు, కొసలకు ఎర్ర పూసలు. మధ్యాహ్నం దాటాక తలంతా ఒప్పుకోకూడదని యుడోరాకు తెలుసు. అయినా ఒప్పుకుంది. ఆవిడ టోపీ తీసింది. ఆ టోపీ కింద ముగ్గురికి సరిపడా జుట్టుంది.

మూడు దాటేసరికి ఎడమవైపు పూర్తయింది. కుడివైపు గాలికి ఎగురుతోంది. ఓడ కూత పెట్టింది.

"అమ్మా, మీ ఓడ! లేవండి, లేవండి!"

ఆవిడ ఓడను చూసి మురిసిపోయి, కుడివైపు అల్లమని వేలు చూపించింది. ఆవిడది ఏ భాషో గట్టు మీద ఎవరికీ అంతుబట్టలేదు. ఆవిడకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ మర్యాద ముక్కలే.

అంతలో వ్యాను నడిపే హెస్కెత్ రొప్పుతూ వచ్చాడు. "అక్కా, గేటు దగ్గర ఒక మనిషి తక్కువైందట! ఓడ ఆపేసి కూర్చున్నారు. కొత్తాఫీసరు చిందులు తొక్కుతున్నాడు."

యుడోరా ఆవిడ మెడ తడిమింది. "ఈవిడే! మెడలో ఉండాల్సిన ఓడ కార్డేదీ? కార్డు కూడా పారేసుకుందిరా దేవుడా!"

చేపలమ్మే టోనెట్ తన గంప బోర్లించి వెతికింది. "నా చేపల్లో లేదు పిల్లా. ముందు మనిషిని ఎక్కించండి, కార్డు తర్వాత చూసుకోవచ్చు." ఆవిడేమో స్టూలు వదలనంది. చివరికి యుడోరా, హెస్కెత్ చెరో రెక్కా పట్టుకుని వ్యానులో కూలేశారు.

ఆ ఊళ్ళో ఎవరినైనా పలకరించకుండా దాటిపోతే ఏడాదంతా చెప్పుకుంటారు. యుడోరా వెనక సీట్లో కుడివైపు జడలు అల్లుతూనే, కిటికీలోంచి ప్రతి గడపకీ "గుడ్ ఆఫ్టర్నూన్" అని అరుస్తోంది. అది చూసి తెల్లావిడకు హుషారొచ్చింది. తనూ తల బయటపెట్టి, చేతులూపుతూ అరవడం మొదలెట్టింది. సగం తలతో ఇంత మర్యాదగా పలకరించే మనిషిని ఎవరు ఊరికే పోనిస్తారు? గడపగడపకీ వ్యాను ఆగింది.

"హెస్కెత్, ఆపావంటే చంపేస్తాను!"

"నేనేం చేయనక్కా? మా అత్త రోడ్డుకు అడ్డంగా నిలబడింది. ఆవిడకి జామపండ్లు ఇవ్వాలట!"

గేటు చేరేసరికి నాలుగైంది. ఓడ ఇంకా ఉంది. పది రోజుల క్రితం వచ్చిన కొత్తాఫీసరు ప్రాస్పర్ జాబితా పట్టుకుని నిలబడి ఉన్నారు. వ్యానులోంచి జామపండ్లతో దిగిన మనిషిని చూసి ఆయన నోరు తెరిచారు.

"హలీనా?"

యుడోరా రెక్క పట్టి లాక్కొచ్చింది ఆఫీసరుగారి భార్యను. ఆయన పోలండులో ఓడల చదువు చదివి, అక్కడే పెళ్ళి చేసుకున్నారని ఊరంతా చెప్పుకున్నదే. యుడోరా బ్యాడ్జి తీసి ఆయన ముందు పెట్టింది. ఏడుపు ఆగలేదు.

హలీనా భర్తతో ఆపకుండా ఏదేదో చెప్పింది. వింటున్నకొద్దీ ఆయన మొహం మెత్తబడింది.

"ఉంచుకో అమ్మా" అన్నారు. "వచ్చిన పది రోజుల్లో ఇవాళ్టిదాకా ఈవిడ గడప దాటలేదు. వెళ్ళిపోదాం అంటూ పోరింది. ఇప్పుడు ఊరంతా తన చుట్టాలేనంటోంది. మిగతా సగం అల్లెయ్యి."

యుడోరాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. హలీనాను వెంటబెట్టుకుని గట్టుకు తిరిగొచ్చింది; తప్పిపోయిన అసలు ప్రయాణికుణ్ణి వెతుక్కుంటూ ప్రాస్పర్‌గారు కూడా వెంట వచ్చారు.

యుడోరా స్టూలు మీద ఒక పెద్ద గడ్డపాయన తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. మెడలో ఓడ కార్డు వేలాడుతోంది.

"వచ్చావా తల్లీ? గంట నుంచి నీకోసమే చూస్తున్నా. ఈ గడ్డం అల్లాలి. నిదానంగానే కానియ్. ఓడ ఇప్పట్లో కదలదట, ఎవరో మతిలేనివాడు ఇంకా ఎక్కలేదట."

ప్రాస్పర్‌గారు పచ్చ బ్యాడ్జి కోసం యుడోరా ముందు చెయ్యి చాచారు.