విశ్రాంతి ఏర్పాట్ల కమిటీ

ప్రయాణానికి ముందు పూర్తి చేయవలసిన పనులు (ఎర్రరంగు గడులు అత్యవసరం):

1. ఇద్దరి ఉద్యోగాల్లోనూ నాలుగు రోజుల సెలవు మంజూరు చేయించాలి.
2. మనం లేనప్పుడు పైపులు గడ్డకట్టి పగలకుండా ఇంటి హీటర్‌ను యాభై అయిదు ఫారెన్‌హీట్ దగ్గర ఉంచాలి.
3. వాకిట్లో మంచు తీయమని పక్కింటాయనకు చెప్పాలి. ఆయనకు డెబ్బై ఆరేళ్లు. మొహమాటపడకుండా చెప్పాలి.
4. కొబ్బరికాయ నెత్తిన పడితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.
5. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి విమానంలో రానిస్తారా?
6. ఈత దుస్తులు కొనాలి. సంఘస్థులెవరూ వెళ్లని షాపులో కొనాలి.
7. దీవిలో మనవాళ్లు ఎవరున్నారో వాకబు చేయాలి.
8. ఆదివారం సంఘంలో ప్రార్థన మనవి చెప్పాలి.
9. ప్రిస్సిల్లాకు ఏం కావాలో అడగాలి (వీలుంటే).

పై జాబితాలో ఎనిమిది అంశాలు గడువుకు ముందే పూర్తయ్యాయనీ, తొమ్మిదోది పరిశీలనలో ఉన్నదనీ పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

జాబితా కర్త సైలస్ మినియాపొలిస్‌లో ఒక బీమా కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం అతని వృత్తి. పదకొండేళ్లుగా ఆ పని ఎంత శ్రద్ధగా చేస్తున్నాడంటే, సొంత తప్పులు పట్టుకోవడానికి తీరిక చిక్కలేదు. ఆ జనవరిలో కారు తలుపు మంచుకు బిగుసుకుపోతే వేడినీళ్లు పోసి తెరిచినవాడు ఇతనే. తలుపు తెరుచుకుంది. పోసిన నీళ్లు మైనస్ పద్దెనిమిదిలో నిమిషానికల్లా గాజులా గడ్డకట్టాయి. ఇంటి నుంచి కారు దాకా కుటుంబం మొత్తం మూడు రోజులు గోడ పట్టుకుని నడిచింది.

అతని భార్య ప్రిస్సిల్లా డయాలసిస్ సెంటర్‌లో నర్సు. గుంటూరులో నర్సింగ్ చదివే రోజుల్లో ఆమె వార్డులో సిస్టర్. ఇక్కడ తెలుగు క్రైస్తవ సంఘంలో సిస్టర్. ఎక్కడైనా ‘సిస్టర్’ అన్న పిలుపు వినబడిందంటే దాని వెనకాలే ఒక పని నడిచి వస్తోందని ఆమెకు తెలుసు.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కోటు విప్పకుండానే సోఫాలో కూలబడి ఆమె ఇలా అంది:

“ఏమండీ, ఎక్కడికైనా పోదామండీ. నాలుగు రోజులు చాలు. నన్నెవరూ ఏమీ అడగని చోటికి.”

“మమ్మీ, నా మిటెన్స్ ఎక్కడ ఉంది?” అని తొమ్మిదేళ్ల జెమీమా అడిగింది.

“ప్రిస్సీ, నా చార్జర్ ఎక్కడుంది?” అని సైలస్ అడిగాడు.

డ్రయర్ మీద చేతి తొడుగులు, అతని చేతికిందే చార్జర్ ఉన్నాయని ఆమె కళ్లు మూసుకునే చెప్పింది. సైలస్ భార్య కోరికను ఆ క్షణమే నమోదు చేసుకున్నాడు. లాప్‌టాప్ తెరిచి కొత్త షీటు మొదటి గడిలో ‘బీచ్’ అని రాసుకున్నాడు.

సైలస్ వాళ్ల వంశంలో డిగ్రీ చేతికి తెచ్చుకున్న మొదటివాడు. అంతకు ముందు ఆ వంశానికి తెలిసిన ప్రయాణాలు నాలుగే: పెళ్లి, చావు, ఆసుపత్రి, సువార్త సభలు. ఊరికే వెళ్లి, ఊరికే ఉండి, ఊరికే తిరిగి రావడమన్నది వాళ్లు విని ఎరగరు. రాజోలు దగ్గర వాళ్ల ఊళ్లో పట్టపగలు కొబ్బరిచెట్టు కింద పడుకున్నవాణ్ణి పనికిమాలినవాడనేవారు. ఇప్పుడు అదే పని చేయాలంటే రెండు విమానాలు మారాలి, మేనేజరు అనుమతి కావాలి. అభివృద్ధి అంటే ఇదే.

దీవి ఎంపికైంది. అమెరికా జెండా కిందే ఉన్నది కాబట్టి వీసా స్టాంపింగ్ బెడద లేదు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మీరూ వస్తారు. ఫిబ్రవరిలో సోమవారం వచ్చే ప్రెసిడెంట్స్ డే సెలవుకు టికెట్లు, రిసార్టులో గది బుక్ అయ్యాయి. తన టికెట్‌నూ గదినీ ప్రిస్సిల్లా తన కార్డు మీదే తీసుకుంది. రిసార్టు బొమ్మలో రెండు కొబ్బరిచెట్ల మధ్య ఒక ఉయ్యాల ఉంది. ఆమె ఆ బొమ్మను ఫోన్‌లో పెట్టుకుని పేషెంట్ల మిషన్లు కూత పెట్టనప్పుడు చూసుకునేది.

ఇక ఎనిమిదో అంశం. సంఘంలో చెప్పకుండా ప్రయాణం చేసినవాడి విమానం ఆలస్యమైతే, ఆ ఆలస్యానికి కారణం సంఘంలో అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం, లూథరన్ చర్చి వాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్న హాల్లో, మనవుల సమయంలో సైలస్ లేచి నిలబడ్డాడు. ‘రిసార్ట్’ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా కరుణమ్మ ఆంటీ కూర్చుని ఉంది. స్త్రీల సమాజం అధ్యక్షురాలు. రిసార్ట్ అనగానే ఆమె కళ్ల ముందు కనిపించబోయే చిన్న గొడుగులు గుచ్చిన మందు గ్లాసులూ పొట్టి బట్టలూ అతని కళ్ల ముందే కనిపించాయి. నాలుక మడత పడింది.

“మేము... కుటుంబంగా... ఒక దీవికి రిట్రీట్‌కి వెళ్తున్నామండీ. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.”

“స్తోత్రం!” అంది సంఘం.

తెలుగు సంఘంలో రిట్రీట్ అంటే ఆత్మీయ సదస్సు. కుటుంబం అంటే సంఘ కుటుంబం. కార్యదర్శి ఏసుపాదం గారు రిజిస్టరులో చక్కని చేతిరాతతో ఇలా రాసుకున్నారు: ‘దీవిలో రిట్రీట్. సంఘమంతయు. ఏర్పాట్లు: సహోదరుడు సైలస్.’ ఆ వెంటనే మైకు ముందుకు వచ్చారు.

“ప్రియులారా! ముప్పై ఏళ్లుగా ఈ చలిలో మన సంఘం ఉంది. ఎవరికైనా తట్టిందా? తట్టలేదు! ఈ యవ్వనస్థుడికి తట్టింది. తన గురించి ఆలోచించుకోకుండా మనందరి గురించి ఆలోచించాడు. ఇటువంటి బిడ్డను కన్న తల్లి కడుపు చల్లగుండాలి. కన్వీనర్ గారికి చప్పట్లు!”

సైలస్ అప్పుడే లేచి, ‘అయ్యా, నేనన్నది అది కాదు’ అని నాలుగే నాలుగు మాటలు అని ఉండవచ్చు. నోరు తెరిచాడు కూడా. కానీ చప్పట్లు మొదలైపోయాయి. డిగ్రీ పట్టా తీసుకున్న రోజు తర్వాత అతనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తెరిచిన నోటితోనే నవ్వాడు. పక్కన ప్రిస్సిల్లా చప్పట్లు కొట్టలేదు. ఫోన్‌లో ఉయ్యాల బొమ్మను ఒకసారి చూసుకుని బ్యాగ్‌లో పెట్టేసుకుంది.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో నలభై ముగ్గురు చేరారు. వారం తిరిగేసరికి భోజనాల కమిటీ, రవాణా కమిటీ, పాటల కమిటీ, వీటిని పర్యవేక్షించే సమన్వయ కమిటీ ఏర్పడ్డాయి. చున్నీకి రెండు వైపులా పిన్నులు పెట్టుకుని మోకాలి లోతు వరకు నీళ్లలో దిగవచ్చునని స్త్రీల సమాజం ఏకగ్రీవంగా తీర్మానించింది. మగవాళ్ల దుస్తుల మీద చర్చకు సమయం చాలలేదు. సదస్సు అంశం ‘విశ్రాంతి’. దాని మీద రోజుకు ఆరు సందేశాలు, మొదటిది ఉదయం ఆరింటికి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒంటిగంటా పది వరకు విశ్రాంతి.

అంతా బాగానే ఉంది కానీ దీవి దూరమైపోయింది. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు, చిన్నవాళ్లకు మంగళవారం క్లాసులు. రవాణా కమిటీ దీర్ఘంగా ఆలోచించి దీవినే దగ్గరికి జరిపింది. ఊరికి గంట దూరంలో ఒక హోటల్ ఉంది. లోపల పెద్ద నీళ్ల పార్కు. బయట మైనస్ ఎంతున్నా లోపల ఎప్పుడూ ఎనభై నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీలు. వాళ్లిచ్చే హాలు పేరు ‘ట్రాపికల్ ఐలాండ్’. ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు కూడా ఉన్నాయి. సైలస్ వెళ్లి స్వయంగా తనిఖీ చేసి వచ్చాడు. ప్లాస్టిక్ చెట్టు నుంచి కాయ రాలదు కాబట్టి నాలుగో అంశం కూడా శాశ్వతంగా పరిష్కారమైనట్టు షీటులో నమోదు చేశాడు.

ఇంటికి వచ్చి చెప్పాడు. “ప్రిస్సీ, ప్లేస్ మారింది. కానీ బీచ్ లాగానే ఉంటుంది. అలలు కూడా వస్తాయి. గంటకోసారి సైరన్ మోగుతుంది, అప్పుడు వస్తాయి.”

“ఓహో.”

“నిన్ను భోజనాల ఇన్‌చార్జిగా వేశారు. ఫస్ట్ ఎయిడ్ కూడా. పెద్దవాళ్లకి పొద్దున్నే బీపీ చూస్తే చాలంట. నువ్వైతేనే కుదురుతుందని ఏసుపాదం అంకుల్ మరీ మరీ చెప్పారు.”

“నాకు చెప్పారా, మీకు చెప్పారా?”

“నాకే చెప్పారు. నువ్వు ఒప్పుకుంటావని నేను చెప్పాను.”

ఆమె ఏమీ అనలేదు. సైలస్ దాన్ని అంగీకారంగా భావించాడు. టెస్టింగులో కూడా ఎర్రర్ రాకపోతే పాస్ అయినట్టే. తన టికెట్, పాప టికెట్ అప్పటికే రద్దు చేశాడు. మిగిలింది ఆమెది.

“ప్రిస్సీ, క్యాన్సిల్ చేస్తున్నా. నీ ఫోన్‌కి ఒక కోడ్ వచ్చుంటుంది చూడు. ఎంత?”

ప్రిస్సిల్లా ఫోన్ చూసింది. చాలాసేపు చూసింది.

“రాలేదండీ,” అంది.

రిట్రీట్ ఉదయం రైస్ కుక్కర్లూ దుప్పట్లూ సర్ది సైలస్ కారు వేడి చేసి వచ్చేసరికి ప్రిస్సిల్లా గుమ్మంలో ఉంది. కాళ్లకు చెప్పులు. చేతిలో చిన్న సంచి.

“మైనస్‌లో చెప్పులేంటి ప్రిస్సీ?”

“ఆ రోజు కోడ్ వచ్చిందండీ. నేనే చెప్పలేదు.” వాకిట్లో టాక్సీ ఆగింది. ఆమె కూతురి తల మీద ముద్దు పెట్టింది. “మంగళవారం వస్తా. డాడీ దగ్గర అల్లరి చెయ్యకు.”

“పులిహోర పులుసు ఎక్కడ పెట్టావ్?” అని సైలస్ ఆత్రంగా అడిగాడు.

“వెతకండి,” అని టాక్సీ ఎక్కింది.

ట్రాపికల్ ఐలాండ్‌లో రిట్రీట్ ఘనంగా ప్రారంభమైంది. విశ్రాంతి మీద మొదటి సందేశం గంటా నలభై నిమిషాలు. ఇన్‌చార్జి లేకపోవడంతో ఆ బాధ్యతలు కన్వీనర్ మీద పడ్డాయి. సైలస్ గారూ నెయ్యి ఎక్కడుంది? అన్నా, తాతగారి బీపీ మాత్రలు ఎక్కడున్నాయి? బాబూ, గరిటె? చార్జర్? పాప సాక్సులు? అతను టెస్టర్ కాబట్టి అలవాటు కొద్దీ లెక్క రాసుకున్నాడు. సాయంత్రానికి నూట పన్నెండు ప్రశ్నలు. నూట తొమ్మిదింటికి జవాబు ఒకటే: ‘ప్రిస్సిల్లాకు తెలుసు.’

“డాడీ, కన్వీనర్ అంటే మమ్మీ జాబ్ కదా?” అని జెమీమా అడిగింది. అది నూట పదమూడోది.

అప్పుడే ఫోన్ మోగింది. ఫోటో వచ్చింది. రెండు పాదాలు, వాటి అవతల సముద్రం. కింద ఒక్క మాట కూడా లేదు. ఎడమ మడమ మీద పగుళ్లున్నాయి. పన్నెండేళ్ల కాపురంలో సైలస్ వాటిని చూడటం అదే మొదటిసారి. వెంటనే జవాబు టైప్ చేశాడు: ‘పాప స్వెట్టర్ ఎక్కడ’. అక్కడిదాకా వచ్చి ఆగాడు. ఒక్కొక్క అక్షరమే చెరిపేశాడు.

సాయంత్రం మనవుల సమయంలో లేచి నిలబడ్డాడు.

“సిస్టర్ ప్రిస్సిల్లాను జ్ఞాపకం చేసుకోండి.”

“అయ్యో, ఏం జబ్బు బాబూ?” అంది కరుణమ్మ ఆంటీ.

“జబ్బేం లేదండీ. సముద్రం దగ్గర ఊరికే కూర్చుంది.”

“ఊరికేనా?” ఆంటీ గొంతు తగ్గింది. “ఆడమనిషి ఊరికే ఎందుకు కూర్చుంటది నాయనా? దాచకు. మేమంతా లేమా? గర్భసంచా?”

“కాదండీ. తనే... కూర్చోవాలని కూర్చుంది.”

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు కళ్లు ఒత్తుకున్నారు. ఏసుపాదం గారు రిజిస్టరు తెరిచి ‘సహోదరి ప్రిస్సిల్లా: అనారోగ్యము. వివరములు గోప్యము’ అని రాసుకున్నారు. రాత్రి భోజనానికి సైలస్ గదికి పదకొండు డబ్బాల కూరలు వచ్చాయి. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముగ్గురు ఆంటీలు వంతులవారీగా ఓదార్చారు. ఎందుకు ఓదారుస్తున్నారో జెమీమాకు అర్థం కాలేదు. జంతికలు మాత్రం తింది.

అందరూ వెళ్లాక సైలస్ షీటు తెరిచాడు. తొమ్మిదో అంశం ఇంకా ఎర్రగానే ఉంది. ‘ప్రిస్సిల్లాకు ఏం కావాలో అడగాలి.’ అది చెరిపి ‘ప్రిస్సిల్లాను ఏమీ అడగకూడదు’ అని రాశాడు. ఆకుపచ్చ రంగు వేశాడు.

ఇంత దూరం ఓపికగా చదివిన పాఠకులకు ఒక మనవి. ‘మరి ఆ నాలుగు రోజులూ పాపకి జడ ఎవరు వేశారు?’ అన్న ప్రశ్న మీ నోటిదాకా వచ్చి ఉంటుంది. అది నూట పద్నాలుగోదిగా నమోదైంది. జవాబు కన్వీనర్ దగ్గర దొరుకుతుంది. జడ వంకరగా దొరుకుతుంది. సహోదరి ప్రిస్సిల్లా క్షేమంగా, పూర్తి ఆరోగ్యంతో, రెండు కొబ్బరిచెట్ల మధ్య ఊరికే ఉంది. దయచేసి ఆమెను మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి.

ఫోన్ మాత్రం చేయకండి.