టమాటా పూతను రాల్చిందెవరు?

“ఐదో అంతస్తు హంతకులారా! పిందె పట్టకముందే పువ్వు పీక నొక్కుతారా? ఆ పసిపూత ఉసురు ఊరికే పోదు! మీ పాలిటి యముడు, హార్బిన్ నగరపు అపరాధ పరిశోధక సింహం, తోంగ్ బావొలిన్ రంగంలోకి దిగాడు!”

సింహం మెట్ల మలుపులో నిలబడి ఉంది. కుక్కబొచ్చు టోపీ చెవుల మీదికి జారి, తన గర్జన తనకే సరిగా వినపడటం లేదు. ట్రాములో టిక్కెట్లు చింపే ఉద్యోగం నుంచి రిటైరైన నాడే ఆయనకీ తెగులు పట్టింది.

“మెల్లగా తమ్ముడూ,” అంది స్వే గ్వేజ్ చీపురు పట్టుకుని. “మిగిలిన పూలు నీ అరుపుకే రాలేట్టున్నాయి.”

ఆవిడ బాధ ఆవిడది. ఆవిడ వాటా ఉత్తరపు వైపు. చలికాలమంతా ఎండ మొహం చూడదు. అందుకే మెట్ల మలుపులో, దక్షిణపు కిటికీ కింద, విత్తు నుంచి పెంచిన టమాటా కుండీలు పెట్టుకుంది. పూత విరగబూసింది. కాయ మాత్రం ఒక్కటీ లేదు. రోజూ పొద్దున నేలంతా పసుపుపచ్చ.

“కాయని మొక్కకి దారిలో చోటెందుకు?” అని భవనం సంఘం అధ్యక్షురాలు కోవ్ తేల్చేసింది. “పండగ ముందు ఇళ్లు దులిపే రోజుకి కాయ చూపించు. లేదా కుండీలు చెత్తబండికే.”

తోంగ్ భూతద్దం తీసి, రాలిన పువ్వు మీద గద్దలా వాలాడు.

“చూశావా అక్కా! కాడ కణుపు దగ్గర నున్నగా తెగింది. చిరగలేదు, నలగలేదు. కత్తెర! చెయ్యి తిరిగిన హంతకుడు! మన మెట్ల మీద కత్తెర పట్టుకు తిరిగేదెవరు? కోవ్! పైగా వేళ్లనిండా పిండి జిగురు, వేలిముద్రలు పడకుండా!”

“కిటికీ సందులకు కాగితాలు అంటిస్తోంది, పిచ్చిమొహమా. ఏటా అందరం అంటిస్తాం. నీ టోపీకి ఇంకా ఓ ముక్క వేలాడుతోంది.”

“అది మారువేషం!” అన్నాడు తోంగ్ ఠక్కున.

మర్నాడు ఆయన పుల్లక్యాబేజీ జాడీ పక్కన, కుండీల వెనక, కొమ్మల్లో తల దూర్చి మాటు వేశాడు. కోవ్ కత్తెరతో వచ్చింది. కుండీల వైపు ఓరగా చూసింది. అంతే!

“కదలకు! చట్టం చేతులు చాలా పొడుగు!”

చేతుల సంగతేమో గాని, కాళ్లు మొక్కలకు కట్టిన పురికొసలో చిక్కుకున్నాయి. తోంగ్ బోర్లా పడ్డాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు. కొస లాగినప్పుడల్లా మొక్కలన్నీ చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. చివరి కుండీ ఒక్కటే తప్పించుకుంది. తోంగ్ టోపీనిండా పచ్చటి పుప్పొడి.

“దులిపే రోజు ఇంకా రాలేదుగా తోంగ్? అప్పుడే మొదలెట్టావేం?” అంటూ కోవ్ కడుపు పట్టుకుని దిగిపోయింది.

గ్వేజ్ నవ్వలేదు. ముక్కు ఎగబీలుస్తూ వంగిన కాడల్ని లేపి కట్టింది. “నీ పరిశోధనకో దణ్ణం. నా చలికాలమంతా నేలపాలు చేశావు.”

సింహం తోక ముడిచింది.

కొన్నాళ్లకి పొద్దున్నే చీపురుతో వచ్చిన గ్వేజ్‌కి ఊడ్చడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. రాలిన పూలు చివరి కుండీ కిందే ఉన్నాయి. మిగతా మొక్కల్లో వాడిన రేకుల వెనక మిరియాలంత పచ్చటి పిందెలు.

“తోంగ్! ఇలా రా!” అని కేక పెట్టింది. “కత్తెరా లేదు, దొంగా లేడు. ఊపేవాడు లేక రాలింది పూత! బయటైతే గాలి ఊపి పుప్పొడి రాలుస్తుంది, కాయ కడుతుంది. ఇక్కడ సందులన్నీ మూసేశాం కదా, గాలెక్కడిది? నువ్వు పడ్డ మొక్కలన్నీ కాశాయి.”

“నాకు ముందే తెలుసు. కావాలనే పడ్డాను,” అన్నాడు తోంగ్ మీసం సవరిస్తూ.

“అయితే ఇటు చివర కూడా పడు.”

దులిపే రోజున కోవ్ చెత్తబండిని కింద ఆపించి పైకి వచ్చింది. గ్వేజ్ కుండీలకు అడ్డంగా నిలబడింది.

“కళ్లు తెరిచి చూడు, కాయలు! ఇక్కణ్ణుంచి ఒక్క కుండీ కూడా కదలదు. రేపట్నుంచి మెట్లెక్కే ప్రతివాడూ, నువ్వైనా సరే, పూతకాడని ఒక్క తట్టు తట్టి పోవాలి. సంఘం పేరుతో బోర్డు రాయించు. ఆ చేతులు జేబులోంచి తియ్యి ముందు. ఇదిగో, ఈ కొమ్మ. తట్టు!”