ఒత్తోరీనో పాదమహిమ

ఆ ఆదివారం ఉదయం ఒత్తోరీనో వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చికి వెళ్లి రావాలి, నాలుగు మెతుకులు తినాలి, మధ్యాహ్నం రెండింటికల్లా నీవెస్ నడిపే కాఫీ బారుకు చేరుకుని, కాఫీ మిషను పక్కనున్న తన కుర్చీలో కూర్చోవాలి. అక్కడ రేసు చూస్తూ, ఎర్ర కారు జట్టువాళ్ల ఎత్తుగడలను మిగతా ముప్పై మందితో కలిసి నోరారా తిట్టాలి. నలభై ఏళ్లు లేతు మిషను మీద ఇనుము చెక్కి రిటైరైన మనిషి. భార్య ఇయోలె పోయిన ఈ మూడేళ్లలో ఆయన గొంతుకు పని దొరికేది రేసు ఆదివారాల్లోనే. మిగతా రోజుల్లో రొట్టెల కొట్లో "అరకిలో" అనేవాడు, అంతే.

తొమ్మిదిన్నరకు తలుపు చప్పుడైంది. అభిమానుల క్లబ్బు అధ్యక్షుడు ఆమోస్, అతని వెనక ఇద్దరు కమిటీ సభ్యులు. ఆమోస్ ఒకప్పుడు ఆ ఊళ్లోనే, పొంతెనేరో మునిసిపాలిటీలో పోలీసు. మండుటెండలోనూ మెడలో ఎర్ర మఫ్లరు తీయడు.

"లోపలికి రావచ్చా?" అన్నాడు ఆమోస్.

యాభై ఏళ్ల స్నేహంలో అతను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"రారా, కూర్చో. వైన్ పొయ్యనా?"

"వద్దు. అధికారికంగా వచ్చాం." ఆమోస్ జేబులోంచి కాగితం తీశాడు. "కిందటి అయిదు రేసుల్లో నాలుగు నువ్వు బార్లో కూర్చుని చూశావు. మొదటిదాంట్లో మనవాణ్ణి వాన టైర్లు మార్పించుకోమని పిట్‌లోకి పిలిచారు. పిలవగానే వాన ఆగిపోయింది. రెండోదాంట్లో పిలవలేదు. కుండపోత. మూడోదాంట్లో పిలిచారు, వచ్చాడు, బిగించేవాడికి చక్రం దొరకలేదు. నాలుగోది చెప్పను. గోడ మీద ఇయోలె ఫోటో ఉంది, ఆడమనిషి ముందు ఆ మాటలు బాగోవు."

"చక్రం నేను దాచానట్రా?"

"అయిదోదానికి నీకు పన్నునొప్పి వచ్చి రాలేదు. గెలిచాం."

"అంటే నా పాదం మంచిది కాదంటావు."

"ఛఛ, మాకెవరికీ మూఢనమ్మకాలు లేవురా," అంటూ ఆమోస్ జేబులోని ఇనప మేకును తడుముకున్నాడు. వెనక ఉన్న ఇద్దరూ తమ తమ మేకులను తడుముకున్నారు. "కానీ రిస్కెందుకు?"

"పోనీ, ఇంట్లో చూసుకుంటాను."

"అదీ వద్దు. నీ చూపు తీగలోంచి పాకి వెళ్తుందేమోనని కమిటీకి చిన్న అనుమానం." ఆమోస్ కొత్త రంగుల టీవీ వెనక్కి వెళ్లి, యాంటెన్నా తీగ ఊడబీకి చుట్ట చుట్టుకున్నాడు. వంటింట్లోకి తొంగిచూస్తే ఫ్రిజ్ మీద ట్రాన్సిస్టర్ కనిపించింది. దానికో తీగ చుట్టి, ఆ తీగను కుళాయికి కట్టి ఉంది. "ఇదేంటి?"

"ఇయోలె కట్టింది. అలా అయితేనే స్టేషను పలుకుతుంది. ఇక్కణ్ణించి జరిపితే గురక పెడుతుంది."

"ఇవాళ ఈ రేడియో పెట్టనని ఒట్టెయ్."

ఒత్తోరీనో ఒట్టేశాడు. వాళ్లు వెళ్లిపోయారు. జట్టు ఓడినప్పటి బాధ ఆయనకు కొత్త కాదు. దాన్ని ముప్పై మంది పంచుకుంటారు, తలా కాస్త వస్తుంది. ఈ బాధలో మాత్రం వాటాకు ఎవరూ రాలేదు. ఒంటరిగా తిన్నాడు, ఉన్న ఒక్క పళ్లెం కడిగాడు, మళ్లీ కడిగాడు. ఇక ఆ ఇంట్లో కూర్చోలేక వీధిలోకి నడిచాడు. రేసు రోజున రెండింటికి ఊళ్లో తీసి ఉండే తలుపులు రెండే, ఒకటి బారు, రెండోది చర్చి. ఆయన చర్చికి వెళ్లాడు.

లోపల ఫాదర్ ఎజీదియో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఎర్ర కారు గెలిస్తే ఆ ఊళ్లో చర్చి గంట కొట్టాలి. అది ఆచారం, కొట్టేది ఫాదరే. చివరి రౌండు మొదలవగానే ఆయన బారులోంచి లేచి గంటగోపురానికి పరుగెత్తాలి. అందువల్ల పన్నెండేళ్లుగా ఎర్ర కారు గెలుపు గీత దాటడాన్ని ఆ ఊళ్లో చూడని ఏకైక మనిషి ఆయన.

"ఒత్తోరీనో! దేవుడే పంపాడు నిన్ను. నీకేం పని లేదుగా?"

"నాకు పని లేదని కమిటీ తీర్మానం కూడా చేసింది ఫాదర్. నా పాదం మంచిది కాదట."

"అలాంటివి చర్చి నమ్మదు. అయినా నువ్విక్కడున్న సంగతి వాళ్లకి నువ్వూ చెప్పకు, నేనూ చెప్పను. నువ్వు గోపురంలో తాడు దగ్గర కూర్చో. గెలవగానే నేను బారు గుమ్మంలోకొచ్చి ఈ ఎర్ర రుమాలు ఊపుతాను. నువ్వు లాగు."

గోపురంలో పావురాల రెట్టల మధ్య ఒక పీట ఉంది. చిన్న కిటికీలోంచి ఊరి నడుమ చౌకు, దాని అవతల బారు కనిపిస్తున్నాయి. టీవీ కనపడదు, దాన్ని చూస్తున్నవాళ్ల వీపులే కనపడతాయి. ఒత్తోరీనో వీపులను బట్టి రేసు చదవడం మొదలుపెట్టాడు. వీపులన్నీ ఒక్కసారి లేచాయి. మనవాడు ఒకణ్ణి దాటాడన్నమాట. చేతులు నెత్తికెక్కాయి. పిట్‌కి పిలిచారు. చేతులు దిగాయి. చక్రాలన్నీ దొరికాయి. మళ్లీ లేచి, కౌగిలించుకుని, ఎవరి కాఫీయో ఎవరి మీదో ఒలకబోసుకున్నారు. ముందంజలో ఉన్నాడు! ఆయన పక్కకు తిరిగి "చూశావా?" అన్నాడు. అక్కడున్న పావురం ఎగిరిపోయింది.

ఇంతలో దక్షిణాన కొండల మీద ఆకాశం నల్లబడింది. రేసు జరిగేది సరిగ్గా ఆ కొండల అవతలే. ఒక మెరుపు మెరిసింది. వాన మరీ ముదిరితే రేసు మధ్యలో ఆపేసి, ముందున్నవాణ్ణే విజేత అంటారు. ఆ నిబంధన ఒత్తోరీనోకు కంఠతా వచ్చు. అది రాకపోయుంటే ఏ గొడవా ఉండేది కాదు. సరిగ్గా అప్పుడే ఉత్కంఠ భరించలేక ఫాదర్ ఎజీదియో బారు గుమ్మంలోకి వచ్చి, జేబులోంచి ఎర్ర రుమాలు తీసి, ముఖం మీది చెమట తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. గాలి కోసం రెండుసార్లు విసురుకున్నాడు.

ఒత్తోరీనో తాడు అందుకున్నాడు. ఆ ఊరు అంత గట్టి గంట ఎన్నడూ వినలేదు. మూడేళ్లుగా ఎవరితోనూ అనని మాటలన్నీ ఆయన ఆ గంటతో అనిపించాడు.

గంట వినగానే, ఆత్రం తట్టుకోలేక రేసు చూడకుండా ఇళ్లలో దాక్కున్నవాళ్లంతా వీధిన పడ్డారు. బడి గదిలో సిద్ధంగా ఉన్న బ్యాండువాళ్లు డోళ్లతో చౌకులోకి వచ్చారు. మిఠాయి కొట్టువాడు కారు ఆకారపు కేకును బల్లతో సహా ఎత్తుకొచ్చాడు. కిటికీల్లోంచి ఎర్ర దుప్పట్లు వేలాడాయి. పక్క ఊరి ఫాదర్‌కు గంట వినబడింది. తానెందుకు వెనకబడాలని ఆయనా కొట్టాడు. అది విని ఆ పై ఊరి ఫాదర్ కొట్టాడు. పది నిమిషాల్లో నాలుగు ఊళ్లు గెలుపు జరుపుకుంటున్నాయి.

రేసు ఇంకా ఇరవై రెండు రౌండ్లు ఉంది.

బారులో ఆమోస్ ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. గెలవక ముందే గంట కొట్టడాన్ని మించిన అపశకునం ఆ దేశంలో లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

"ఎవడ్రా కొట్టేది?" అని అరిచాడు.

ఫాదర్ తన చేతిలోని రుమాలు చూసుకుని, మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. "దేవుడికే తెలియాలి."

"ఫాదర్ గారూ!"

"...ఒత్తోరీనో."

ముప్పై మందీ ఒక్కసారి చౌకులోకి ఉరికారు. ఎదురొచ్చిన ఊరు వాళ్లను పట్టుకుని ముద్దులు పెట్టుకుంది. "ఇంకా గెలవలేదు!" అని ఆమోస్ అరుస్తుంటే, ఆనందం పట్టలేక అరుస్తున్నాడనుకుని అతన్ని భుజాల మీదికెత్తారు. ఈ సందట్లో బ్యాండువాళ్లు తమ లౌడ్‌స్పీకరునూ, మిఠాయి కొట్టువాడు తన రంగుల దీపాలనూ బారులోని ఒకే ప్లగ్గులో దోపారు. ఫట్టుమంది. టీవీ పోయింది, కాఫీ మిషను పోయింది, చౌకు చుట్టూ ఇళ్లన్నింటికీ కరెంటు పోయింది. డోళ్లు కూడా ఆగాయి.

ఆ నిశ్శబ్దంలోకి, చేతులు చాచుకుని, ముఖమంతా నవ్వుతో ఒత్తోరీనో దిగి వచ్చాడు. "గెలిచాం కదరా!"

రేసింకా అవలేదని ఆమోస్ చెప్పాడు. సంగతి తెలిశాక ఆయన నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"వీణ్ణి తర్వాత చూద్దాం," అంది నీవెస్. "ముందు రేసు సంగతి చూడండి! బ్యాటరీ రేడియో ఎవరింట్లో ఉంది?"

ఆమోస్ కళ్లు ఒత్తోరీనో మీద నిలిచాయి. "వీడి ట్రాన్సిస్టర్! వంటింట్లో తప్ప పలకదు. పదండి!"

చర్చి వెనక సందులోకి ముప్పై మందీ పరుగెత్తారు. అందరికంటే ముందు తాళంచెవి పట్టుకుని ఒత్తోరీనో. తలుపు తెరిచాడు. జనం లోపలికి దూరారు. తనూ అడుగు పెట్టబోతే ఆమోస్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు కాదు."

"నా ఇల్లురా ఇది!"

"అందుకే మర్యాదగా చెబుతున్నా. నాలుగు మెట్లు దిగి కూర్చో."

తలుపు మూసుకుంది. ఒత్తోరీనో నాలుగో మెట్టు మీద కూర్చున్నాడు. లోపల కుర్చీలు ఈడ్చిన చప్పుడు, ఎవరో దగ్గు, "ఈ కొంపలో రెండే కప్పులేంటి!" అని నీవెస్ కేక. ఇయోలె పోయాక ఆ వంటింట్లో మనిషి కేక వినిపించడం ఇదే మొదలు. ఆయనకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఊరంతా దిగులులో మునిగిపోతున్న వేళ అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

రేడియో పలికింది. ట్రాక్ మీద వాన మొదలైంది. వెనకున్నవాళ్లంతా వాన టైర్ల కోసం పిట్‌లోకి దూరుతున్నారు. ఎర్ర కారు మాత్రం అలాగే తిరుగుతోంది.

"పిలవండ్రా! పిలవండి గాడిదల్లారా!" అంటూ వంటిల్లు దద్దరిల్లింది.

"పిలవొద్దు!" మెట్ల మీంచి ఒత్తోరీనో అరిచాడు. "గోపురం మీంచి చూశాను, ఆ మబ్బుకి వెనకంతా వెలుగే! అయిదు నిమిషాల్లో తేలిపోతుంది!"

"నోర్మూసుకో, శనిగాడా!" తలుపు లోపలి నుంచి జవాబు.

జట్టు పిలవలేదు. లోపల ఏడుపు లంకించుకున్నారు. ఆరో నిమిషంలో వాన ఆగింది. వాన టైర్లవాళ్లంతా మళ్లీ పిట్ ముందు వరస కట్టారు. ఎర్ర కారు ఒక్కటే, ఏ తొందరా లేకుండా గెలుపు గీత దాటింది. ఫాదర్ ఎజీదియో పన్నెండేళ్ల తర్వాత ఆ క్షణంలో అందరితో పాటు ఉన్నాడు. చూడటానికి కరెంటు లేదు, విన్నాడు.

"ఎత్తుగడంటే అదీ! పిలవొద్దని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా!" అన్నాడు గాడిదలని అందరికంటే గట్టిగా అరిచినవాడు.

తలుపు తెరుచుకుంది. ఆమోస్ వచ్చి ఒత్తోరీనోను కౌగిలించుకున్నాడు, అతని మఫ్లరు కన్నీళ్లతో తడిసి ఉంది. కమిటీ అక్కడే, మెట్ల మీదే సమావేశమైంది. ఇంత గొప్ప గెలుపు దేనివల్ల వచ్చిందో తేలలేదు గనక, ఇక మీదట దేన్నీ మార్చకూడదని తీర్మానించారు. రేసులన్నీ ఈ వంటింట్లోనే. ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే.

"మరి నేను?" అన్నాడు ఒత్తోరీనో.

"నీ పాదం మామూలు పాదం కాదురా, మహిమ గలది! కాకపోతే ఎక్కడుండాలో అక్కడుండాలి. నాలుగో మెట్టు."

ఒత్తోరీనో తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి చూశాడు. తన బల్ల చుట్టూ ముప్పై మంది, ఇయోలె కుర్చీలో నీవెస్, ఒకటే గోల.

"తలుపు కాస్త ఓరగా తీసి ఉంచుతారా?" అని అడిగాడు.

కమిటీ పది నిమిషాలు చర్చించింది. ఇవాళ తలుపు మూసే ఉందని ఇద్దరు సాక్ష్యం చెప్పారు. మూసే ఉంచాలని తేలింది.

"సరే," అన్నాడు ఒత్తోరీనో.

మర్నాడు పొద్దున్నే బజారుకు వెళ్లి ముప్పై కప్పులూ, మెట్టు మీద వేసుకోవడానికి ఒక దిండూ కొనుక్కొచ్చాడు.