సూక్ష్మజీవులకు శనివారం అంత్యక్రియలు

అసేన్‌క్రోం పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన ముఖాల మీదా నెత్తుల మీదా అనుమతి లేకుండా కాపురముంటున్న సూక్ష్మజీవులకు వచ్చే శనివారం ఘనంగా అంత్యక్రియలు జరుగును. ఆడవారందరూ సంతాపపు ఎర్రబట్ట కట్టి, బిగుతు జడలతో రావలెను.

మైకు బండి ఇలా చెప్పుకుంటూ ఊరంతా తిరిగింది. ముందు అవి చావాలి కదా అని ఎవరూ అడగలేదు. మా ఊళ్లో అంత్యక్రియలకు తేదీ కుదరడమే కష్టం, మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

దీనంతటికీ మూలం దుఫియే అని, నా కూతురి కూతురు. పంతొమ్మిదేళ్ల పిల్ల. నుదుటి నిండా మొటిమలు, కణతల దగ్గర జుట్టు ఊడి నున్నగా అరచేతిలా అయింది. చర్చి పాటల్లో ముందు వరసలో నిలబడేది, వెనక స్తంభం చాటుకు పోయింది. ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే నర్సు అచియా దాని నెత్తి తడిమి చూసింది.

"సూక్ష్మజీవులు పుట్టినప్పటి నుంచీ అందరి ఒంటి మీదా ఉంటాయి అవ్వా. చాలావరకు మంచివే. నువ్వు జడకు పామే జిడ్డు నుదుటి మీదికి కారి రంధ్రాలు మూస్తే, లోపల పెరిగి మొటిమలు చేస్తాయి. జుట్టు పీకినట్టు లాగితే కుదుళ్లలో దూరి చీము పట్టిస్తాయి. కుదుళ్లు ఇంకా చావలేదు. ఇవాళ్టి నుంచి బిగించి అల్లడం మానితే జుట్టు వస్తుంది. ఇంకొక్కసారి అల్లితే నేను మాటివ్వలేను."

ఇంత మాటలోనూ నాకు అర్థమైంది ఒక్కటే, తప్పు సూక్ష్మజీవులదని. ఎందుకంటే జడ అల్లేది నేను. యాభై ఏళ్లుగా అల్లుతున్నాను. నా చేతి జడ వేసుకున్న పెళ్లికూతురు రెండు రోజులు రెప్ప మూయలేకపోయింది, అంత మంచి పేరు నాది.

అందుకని నేరుగా ఊరిపెద్ద వాకిట్లోకి వెళ్లి ఫిర్యాదు చేశాను. ఊరిపెద్ద గారి మాటను నలుగురికీ వినిపించే అగ్యెకుమ్ గారు బంగారు పిడి కర్ర పట్టుకుని లేచారు. "మన తాతల నాటి నుంచి మన చర్మం మీద తిని, మన చర్మం మీద తాగి, ఒక్కనాడు కూడా వచ్చి నమస్కారం పెట్టని జాతి ఇది. వీరిని పంపించేద్దాం. పంపించినా మర్యాదగా పంపిద్దాం." సభ చప్పట్లు కొట్టింది. వారమంతా ఊరు ఊరంతా బట్టల సబ్బుతో, ఒళ్లు రుద్దుకునే వల పీచుతో ముఖాలు తోముకుంది. మొటిమలు లేనివాళ్లకు కూడా వచ్చాయి. శత్రువు చివరి పోరాటం చేస్తున్నాడని అగ్యెకుమ్ గారు ప్రకటించారు.

ఒక చిక్కు వచ్చింది. మాలో చనిపోయినవారు తల్లివైపు వంశానికి చెందుతారు. సూక్ష్మజీవుల తల్లివైపు ఎవరు? అవి తమ ఇంటి నుంచి వచ్చినవి కావని ప్రతి వంశమూ ఒట్టు వేసింది. అప్పుడు నర్సు అచియా లేచి, "వాటిని చంపక్కర్లేదండీ, చాలావరకు మనకు కాపలా కాస్తాయి" అంది.

"దొరికారు బంధువులు" అన్నారు అగ్యెకుమ్ గారు.

అలా అచియాను తల్లివైపు మనిషిగా సంతాప బల్ల మీద కూర్చోబెట్టాలని తీర్మానమైంది. చావు కబురు గోడపత్రికల మీద వేయడానికి ఫోటో లేకపోతే, ఒక నల్లచుక్క అచ్చువేసి కింద 'నిండు జీవితం గడిపినవారు' అని రాయించారు.

శుక్రవారం సాయంత్రం దుఫియే నా మోకాళ్ల మధ్య కూర్చుంది.

"వదులుగా అల్లు అమ్మమ్మా. నర్సు చెప్పింది కదా."

"వదులు జడతో అంత్యక్రియలకు వెళితే నా చేతులు పడిపోయాయనుకుంటారే."

"నెత్తి చురుక్కుమంటోంది."

"సూక్ష్మజీవులు పోతూ కొరుకుతున్నాయి. ఓర్చుకో."

అల్లడం పూర్తి చేశాను. పిల్ల నుదుటి చర్మం పైకి లాగుకుపోయి, కళ్లు అదేదో ఆశ్చర్యపోయినట్టు నిలబడిపోయాయి. జడ చాలా అందంగా కుదిరింది.

శనివారం వచ్చినవాళ్లందరూ కుడివైపు నుంచి వరసగా సంతాప బల్ల మీది వాళ్లందరితోనూ చేతులు కలిపారు. చనిపోయినవారు కూడా ఆ చేతుల మీద ఎక్కి ఊరంతా ఒకసారి తిరిగి వచ్చి ఉంటారు. అగ్యెకుమ్ గారు మెడ వెనక మంగలి కత్తి చేసిన పుండ్లు గోక్కుంటూ, శత్రువు లేని తొలి ఉదయం ఇదేనని ప్రసంగించారు. దుఫియే జడ చూసి పొరుగూరి వాళ్లు ముగ్గురు తమకూ అల్లుతానని నా దగ్గర మాట తీసుకున్నారు.

మొన్న సంవత్సరీకం కూడా చేశాం. దుఫియే మళ్లీ ముందు వరసలో నిలబడి పాడుతోంది. కణతల దగ్గర జుట్టు తిరిగి రాలేదు గానీ, పెట్టుడు జుట్టు బాగా నప్పింది. నర్సు అచియా దూరమైన ఊరికి బదిలీ చేయించుకుంది.

నా దగ్గర జడలకు పిల్లలు ఇంకా వస్తున్నారు. ఇవాళ ఉదయం ఆరేళ్ల పిల్లను తీసుకుని వాళ్లమ్మ వచ్చింది. పిల్ల ఏడుస్తోంది. ఆ తల్లి నా వైపు చూడకుండా, పిల్ల తలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "కదలకే, పురుగులు పోతాయి" అని సముదాయిస్తోంది. ఆ మాట ఆ తల్లికి నేర్పింది నేనే. దాని ఆరేళ్లప్పుడు.