దిండు మింగిన డ్రమ్ము

ఆ ఆదివారం పొద్దున్న పళ్ళ డాక్టరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. మేడమీద వెనకగదిలో ఉన్న డ్రమ్ సెట్టు చేత నోరు మూయించాలి. వాయించడం మానేయాలని కాదు. దెబ్బ పడ్డప్పుడు దెబ్బ వినపడి ఊరుకోవాలి, దాని వెనకాల గుయ్యిమంటూ సాగే తోక ఉండకూడదు.

కింద క్లినిక్కు, పైన ఇల్లు. వారమంతా ఆవిడ జనం చేత నోళ్ళు తెరిపించి, వాటిలోకి తొంగిచూస్తూ గడుపుతుంది. వచ్చినవాళ్ళు మాట్లాడలేరు, ఆవిడ మాట్లాడితే హడలిపోతారు. అలాంటి మనిషికి నలభై దాటాక తనకంటూ కాస్త మోత కావాలనిపించింది. ఆ మాట బయటికి అనగానే భర్త ఎక్కణ్ణుంచో ఒక పాత డ్రమ్ సెట్టు మోయించుకొచ్చాడు. ఆయన లైబ్రేరియను. పగలంతా అందరినీ "ష్" అంటూ గడిపే మనిషి కావడాన, ఇంట్లో ఎవరో ఒకరు దబదబా బాదుతుంటే ఆయన ప్రాణానికీ హాయిగానే ఉండేది.

చిక్కంతా చెవి డాక్టరుతో వచ్చింది. పాటల పిచ్చి ఉన్న డాక్టర్లను కూడగట్టి ఒక బృందం పెట్టింది ఆయనే. గిటారూ ఆయనదే, పెత్తనమూ ఆయనదే. ముందురోజు వీళ్ళింట్లో సాధన జరుగుతుండగా, డాక్టరమ్మ తన ఎదురుగా ఉండే స్నేర్ డ్రమ్ము మీద ఒక దెబ్బ వేసేసరికి ఆయన గిటారు ఆపేసి దవడ పట్టుకున్నాడు.

"డాక్టరుగారూ, మీరు కొట్టడం అయిపోయినా అది మోగడం ఆగట్లేదు. రేపు సాయంత్రం మళ్ళీ వచ్చి వింటాను. అప్పటికీ ఆ గుయ్యి పోకపోతే, రికార్డింగుకి డ్రమ్ముల మిషను పెట్టేద్దాం. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అన్నాక అనుకోకుండా ఎవరుంటారు. ఆవిడ అన్నం తింటూ అనుకుంది, పళ్ళు తోముకుంటూ అనుకుంది. అయితే గుయ్యి మాట అబద్ధం కాదు. ఆవిడకీ వినపడుతోంది, భర్తకీ వినపడుతోంది. ఇక చేసేదేముంది, దాని అంతు చూడటం తప్ప.

పొద్దున్నే ముందుగా డ్రమ్ము తోలు మీద టేపు అంటించింది. గుయ్యి తగ్గలేదు. ఇంకో టేపు అంటించింది. గుయ్యికి చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి వాయిద్యాలు అమ్మే షాపాయనకి ఫోను చేసి, వరండాలో పచార్లు చేస్తూ గోడు వెళ్ళబోసుకుంది.

"ఒక్క దెబ్బ తగిలితే చాలండీ, ఇక ఆగదు. ఇంట్లో ఇంకొకళ్ళ మాట వినపడనివ్వదు."

అవతల ఆయన ఏదో అడిగాడు.

"పాతదేనండీ. సాగిపోయింది, ముడతలు కూడా పడ్డాయి. మా ఆయన తెచ్చి పెట్టారు కదాని కాదనలేక ఉంచుకున్నాను."

ఆయన ఇంకేదో అడిగాడు.

"వదిలించుకుందామన్నా ఇంత పాతదాన్ని ఎవరు తీసుకుంటారు చెప్పండి? నేనే ఎలాగో భరించాలి... ఏంటీ, దిండా? దిండు పెట్టి గట్టిగా అదిమేస్తే ఇక చప్పుడు చెయ్యదంటారు. సరే అయితే. సాయంత్రం డాక్టరు వచ్చి చూసేలోపల పని పూర్తి చేసేస్తాను."

టీ కప్పుతో బయటికి రాబోయిన అత్తగారు తలుపు చాటున ఆగిపోయిన సంగతి డాక్టరమ్మ గమనించలేదు. ఆవిడ ఫోను పెట్టేసేసరికి అత్తగారు లేరు. కప్పు మాత్రం గుమ్మం పక్కన నిండుగా ఉంది. తాగడం మరిచిపోయారు కాబోలని డాక్టరమ్మ దాన్ని వంటింట్లో పెట్టేసి దిండ్ల వేటలో పడింది.

షాపాయన చెప్పింది ఇది. సెట్టులో ఏ డ్రమ్ము మీద దెబ్బ వేసినా, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము కూడా లోపల్లోపల వంత పాడుతుంది. ముందు దాని కడుపులో ఒక దిండు కుక్కాలి. డాక్టరమ్మ ఇంట్లో దిండ్లన్నీ ఒక్కొక్కటే పిసికి చూసింది. అన్నీ స్పాంజివి, ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి. బరువూ బిగువూ ఉన్న దూది దిండు ఇల్లు మొత్తానికి ఒక్కటే ఉంది. అది అత్తగారిది. ఆవిడకు అది లేనిదే కునుకు పట్టదు, ఎవరింటికి వెళ్ళినా చంకన పెట్టుకునే వెళ్తారు. అప్పుడావిడ స్నానానికి వెళ్ళారు. సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాను కదా అనుకుని డాక్టరమ్మ దిండు లాక్కుపోయింది.

స్నానం చేసి వచ్చిన అత్తగారు మంచం వంక చూశారు. వెంటనే తలుపు గడియ వేసుకుని, ఊరి రెండో చివర ఉండే కూతురికి ఫోను కలిపారు.

"అమ్మాయ్, నువ్వు ఉన్నపళంగా వచ్చి నన్ను తీసుకెళ్ళిపో. ఎందుకని ఇప్పుడు అడక్కు. దిండు పట్టుకుపోయింది. సాయంత్రం డాక్టరు కూడా వస్తున్నాడట."

దిండు పెద్ద డ్రమ్ములో అతికినట్టు సరిపోయింది. అది వంత పాడటం మానేసింది. దాంతో డాక్టరమ్మకి హుషారొచ్చి స్నేరు మీద ఒకటి వేసి చూసింది. పక్కన తోడు లేకపోయేసరికి దాని గుయ్యి ఇంకా తేటగా వినపడింది. ఆవిడ పళ్ళు బిగించింది. కింద క్లినిక్కుకు దిగి దూది చుట్టలు, అంటుకునే పట్టీలు, పళ్ళ అచ్చు తీసే ముద్ద డబ్బాతో సహా పైకి తెచ్చింది. తోలుకి పట్టీలు వేసింది. అంచుల నిండా దూది పెట్టింది. గోడల నుంచి మోత తిరిగి వస్తోందేమోనని కిటికీ తెరలు ఊడదీసి గోడలకి వేలాడదీసింది. దుప్పట్లు నేల మీద పరిచింది. బీరువాలోవి, దండెం మీదవి, చేతికి దొరికిన తువ్వాలల్లా డ్రమ్ముల మీదికి చేరింది.

"ఏవోయ్, ఇక్కడ తువ్వాలు పెట్టానే, ఏది?" అన్నాడు భర్త స్నానాలగదిలోంచి.

"తువ్వాలు పనిలో ఉందండీ. మీరే ఇంకేదైనా చూసుకోండి."

"ఇంకేముంది ఇక్కడ చూసుకోడానికి? మగ్గు ఉంది."

కాసేపటికి ఆయన ధోబీకి వేయాల్సిన దుప్పటి ఒకటి ఒంటికి చుట్టుకుని వెనకగదిలోకి వచ్చాడు. వచ్చినందుకు ఆయనకీ పని తగిలింది. డ్రమ్ము రెండు చేతులా వాటేసుకుని కూర్చోవాలి. ఇరుగుపొరుగు అదిరిపోకుండా ఆవిడ తలుపు మూసి గడియ పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు ఆటో దిగి, మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కింది. అమ్మ గదిలో అమ్మ లేదు. మంచం మీద దిండు లేదు. ఇంట్లో తెరలు లేవు, తువ్వాళ్ళు లేవు, దొంగలు పడ్డ ఇల్లులా ఉంది. వెనకగది తలుపు అవతల నుంచి మాత్రం మాటలు వినిపిస్తున్నాయి.

"గట్టిగా పట్టుకోండి, కదలనివ్వకండి. ఈసారి ఎలా అరుస్తుందో చూస్తాను."

"ఇక వదిలేయవే. ఇప్పటికే నిండా గుడ్డలు కుక్కావు. ఊపిరి కూడా ఆడట్లేదు దానికి."

"జాలి పడితే పనులు కావు. మీరు అదమండి."

ఆ వెంటనే ధభీమని ఒక దెబ్బ.

ఆడపడుచు తలుపు విరిగిపోయేలా బాదింది. డాక్టరమ్మ గడియ తీసింది. చేతినిండా గులాబిరంగు ముద్ద, రెండో చేతిలో కర్ర. వెనకాల దుప్పటి కట్టుకున్న తమ్ముడు డ్రమ్మును కావలించుకుని ఉన్నాడు.

"అమ్మని ఏం చేశారు?" అంది ఆడపడుచు.

"అమ్మనేం చేశామక్కా? గదిలో ఉంది కదా," అన్నాడు తమ్ముడు.

"గదిలో లేదు. ఎక్కడా లేదు." అంటూనే ఆవిడ చూపు పెద్ద డ్రమ్ము మీద పడింది. దాని ముందు భాగంలో ఉన్న రంధ్రంలోంచి గళ్ళగళ్ళ గలీబు కొస ఒకటి బయటికి వేలాడుతోంది. ఆ గలీబు ఆవిడ కుట్టి ఇచ్చిందే. "అది అమ్మ దిండు," అని గోడకి చేరగిలబడిపోయింది.

సంజాయిషీలకి సమయం లేకపోయింది. నిజంగానే పెద్దావిడ కనపడటం లేదు. పొద్దున్నుంచి అత్తగారి మొహమే చూడలేదన్న సంగతి డాక్టరమ్మకి అప్పుడు తట్టింది. టీ అలాగే వదిలేశారు, తను టిఫినుకి పిలవను కూడా పిలవలేదు. ముగ్గురూ మేడంతా వెతికారు, పక్కింటివాళ్ళని అడిగారు, మెట్లు దిగారు. క్లినిక్కు తాళం తీసి ఉంది.

పెద్దావిడ లోపల పేషెంట్ల కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నారు. బట్టల సంచీ ఒళ్ళో ఉంది. నోరు బార్లా తెరిచి ఉంది.

ఆడపడుచు కెవ్వుమంది. లైబ్రేరియను దుప్పటి జారిపోకుండా పట్టుకుని కొయ్యబారిపోయాడు. డాక్టరమ్మ పరుగున వెళ్ళి వంగి చూసింది. ఊపిరి నిక్షేపంగా ఆడుతోంది, పైగా గురక కూడా. ప్రాణం కుదుటపడ్డాక, అలవాటు ఎక్కడికి పోతుంది, పై వరసలో ఎడంవైపు దవడ పన్ను పుచ్చిందన్న సంగతి కూడా ఆవిడ గమనించింది.

"ఆదివారం కూడా పేషెంట్లని చూస్తున్నారా?" అంటూ చెవి డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. సాయంత్రం వస్తానన్నవాడు ఆత్రం పట్టలేక ముందే దిగాడు.

ఆ మాటలకి పెద్దావిడకి మెలకువ వచ్చింది. "డాక్టరు వచ్చేశాడే," అని కూతురి చెయ్యి పట్టుకున్నారు. "నేను రాను బాబూ. నా ఒంట్లో ఏమీ లేదు. అమ్మాయి వచ్చేదాకా ఇక్కడ కూర్చుందామని దిగాను. దిండు లేక మెడ పట్టేస్తే, ఈ కుర్చీకైతే తల ఆనించుకునే మెత్త ఉంది కదాని ఇలా వాలాను."

విషయం విడమరిచి చెప్పుకోడానికి చాలాసేపే పట్టింది. అత్తగారు ఒక్కొక్క మాటే తీసి ముందు పెట్టారు.

"ముడతలు పడ్డాయన్నావు."

"డ్రమ్ముకి, అత్తయ్యా."

"ఎవరి మాటా వినపడనివ్వదన్నావు."

"డ్రమ్మే, అత్తయ్యా."

"వదిలించుకుందామన్నా ఎవరూ తీసుకోరన్నావు."

"అదీ డ్రమ్మే."

అత్తగారు ఒళ్ళో సంచీ తీసి పక్కన పెట్టారు. "అంతసేపు మాట్లాడావు, మొత్తం డ్రమ్ము గురించేనా? నా గురించి ఒక్క ముక్కా లేదా?" అన్నారు. ఆ గొంతులో ఊరట ఉంది, రవ్వంత చిన్నతనం కూడా ఉంది.

"మిమ్మల్ని అడక్కుండా దిండు తీయడం మాత్రం నా తప్పే అత్తయ్యా. పదండి, ఇచ్చేస్తాను," అంది డాక్టరమ్మ.

అందరూ పైకి వెళ్ళారు. చెవి డాక్టరు గదిని కలియజూసి, వాయించమన్నాడు. ఆవిడ వాయించింది. గుయ్యి లేదు. గుయ్యితో పాటు ఇంకేమీ లేదు. అట్టపెట్టెను చెప్పుతో కొట్టినట్టు ఉంది.

"గొంతు నొప్పని వస్తే గొంతే తీసేశారు మీరు," అన్నాడాయన.

డాక్టరమ్మ ఎర్రబడ్డ మొహంతో తువ్వాళ్ళన్నీ లాగి అవతల పడేసింది. దూది పీకేసింది, పట్టీలు ఊడబెరికింది. లైబ్రేరియను ఒక తువ్వాలు అందుకుని చల్లగా జారుకున్నాడు. ఉత్త డ్రమ్ము మళ్ళీ గుయ్యిమంది. అత్తగారు దిండు లాక్కుని చంకన పెట్టుకుని, రెండో చేత్తో స్నేరు అంచు మీద వేలు ఆనించి నిలబడ్డారు. "ఇంత దానికా ఇంత రభస? ఏదీ, ఇంకోసారి కొట్టు, ఆ గుయ్యేదో నేనూ వింటాను."

ఆవిడ కొట్టింది. టప్పుమంది. అంతే, ఆగిపోయింది.

డాక్టరమ్మ కర్ర గాల్లోనే నిలిపేసింది. "అత్తయ్యా, వేలు తీయండి." తీశారు. కొడితే గుయ్యిమంది. "మళ్ళీ పెట్టండి." పెట్టారు. టప్పు. డాక్టరమ్మ అచ్చుముద్ద శనగగింజంత చిదిమి, ఆ వేలున్న చోట అంటించింది. ఆ పక్కనే ఒక బోల్టు మిగతావాటికన్నా వదులుగా ఉందని చేతికి తగిలింది. దాన్ని బిగించి, అంచు చుట్టూ మెల్లగా కొట్టి వింటూ అన్ని బోల్టులూ ఒక్క స్థాయికి తెచ్చింది. పన్ను నింపాక పై పన్నుకీ కింది పన్నుకీ సరిగ్గా కరుచుకుందో లేదో చూసేటప్పుడు ఎంత ఓపిక పడుతుందో అంత ఓపికా పట్టింది. తరవాత కుర్చీలో సర్దుకుని వాయించింది. దెబ్బలు నిండుగా, పొడిగా, దేనికది విడివిడిగా పలికాయి. చొక్కా తొడుక్కుని తిరిగొచ్చిన భర్త గుమ్మంలోనే తల ఊపుతూ నిలబడిపోయాడు. ఆడపడుచు కాలు కూడా తెలియకుండానే కదిలింది.

"బాగుంది. కానీ గుయ్యి ఇంకా ఉంది," అన్నాడు చెవి డాక్టరు.

డాక్టరమ్మ ముద్ద ఇంకొంచెం అద్దింది.

"ఇంకా ఉంది."

"నాకేం వినపడట్లేదే," అంది ఆడపడుచు. లైబ్రేరియనుకీ వినపడలేదు. పెద్దావిడ చెవి దగ్గరగా పెట్టి మరీ విని, లేదన్నారు.

"మీకు శ్రద్ధగా వినడం తెలియాలి," అన్నాడు చెవి డాక్టరు. కళ్ళు మూసుకుని వేలు పైకెత్తాడు. "ఇదిగో, సన్నగా, ఈల వేసినట్టు. ఇప్పుడింకా స్పష్టంగా వస్తోంది. మీరు ఏ డ్రమ్ము మీద కొట్టారు?"

"నేనింకా కొట్టలేదండీ," అంది డాక్టరమ్మ.

ఆయన కళ్ళు తెరిచాడు. ఆవిడ రెండు కర్రలూ ఒళ్ళో ఉన్నాయి. గదిలో ఏ చప్పుడూ లేదు. అయినా ఆయన తల ఒకపక్కకి వంచి ఇంకా వింటూనే ఉన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి బాబూ?" అన్నారు పెద్దావిడ జాలిగా, కూర్చోమని దిండు ఆయన వైపు జరుపుతూ.

మర్నాడు చెవి ఆసుపత్రి తలుపు మీద, డాక్టరుగారు డాక్టరు దగ్గరికి వెళ్ళారని రాసి ఉంది.